మా నాయన నటించిన రెండు నిమిషాల సినిమా

మా నాయన జీవితంలో ఒకే ఒక్క సినిమాలో నటించాడు. రెండు నిమిషాల సినిమా. పాటల్లేవు, ఫైట్లు లేవు, హీరోయిన్ లేదు. హీరో ఆయనే. విడుదలైన ఏడాదిలోపల విలన్ కూడా ఆయనే అయ్యాడు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం టాకీసుల్లో అసలు సినిమాకు ముందు దాన్ని వేసేవాళ్ళు. ఇప్పటికీ ఏ హాల్లోనైనా దీపాలు ఆరిపోయి తెర మీద మొదటి వెలుగు పడగానే నేను ముందుకు వంగి చూస్తాను. ఎక్కడ ఆయన ముఖం కనబడుతుందోనని భయం, కనబడితే బాగుండునని ఆశ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

తొంభైల చివరి సంగతి ఇది. మేము పెనుకొండలో ఉండేవాళ్ళం. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ప్రైవేటు బస్సులో నాయన కండక్టరు. నేను హిందూపురంలో డిగ్రీ చదువుతూ అదే బస్సులో పోయి వచ్చేదాన్ని. కండక్టరు కూతురు కాబట్టి కిటికీ పక్కన సీటు ఖాయమని నా స్నేహితురాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు. నిజం చెప్పాలంటే ఆ మూడేళ్ళ చదువూ నేను నిలబడే చదివాను. ఏ ముసలామె ఎక్కినా "పాపా, లేసి అవ్వకు సీటియ్యి" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. కాలేజీలో అడుగుపెట్టేసరికే కాళ్ళు పీకేవి.

అప్పట్లో చిల్లరకు ఎప్పుడూ కటకటే. ఇవ్వాల్సిన చిల్లర టికెట్టు వెనక రాసి, దాని చుట్టూ సున్నా చుట్టి ఇచ్చేవాళ్ళు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. అందరు కండక్టర్లూ చేసే పనే అది. మర్చిపోయి దిగినవాళ్ళ చిల్లరతో టీ తాగడం కూడా అందరూ చేసేదే. మా నాయన మాత్రం బస్సు ఆపించి, విజిల్ నోట్లోనే పెట్టుకొని, దిగిపోయిన మనిషి వెంట పరిగెత్తేవాడు. డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి కొట్టుకుంటూ విసుక్కునేవాడు. బస్సులో జనం మాత్రం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ముచ్చటగా చూసేవాళ్ళు.

సంత రోజు ఇంకో వింత జరిగేది. హిందూపురంలో చింతపండు, ఎండుమిరపకాయలు అమ్ముకొని తిరిగిపోయే ఆడవాళ్ళు బస్సెక్కగానే దుడ్లు గుడ్డలో మూటగట్టి నాయన చేతికిచ్చేవాళ్ళు. కునుకు పడితే జేబుదొంగలు కొట్టేస్తారని భయం. ఆయన అన్నిటినీ తోలు సంచిలో వేసుకొని, ఎవరి ఊరు వస్తే వాళ్ళ మూట వాళ్ళ చేతిలో పెట్టేవాడు. ఏ గుడ్డ ఎవరిదో ఒక్కసారి కూడా తప్పు పోలేదు. విప్పి లెక్కబెట్టుకున్న మనిషిని నేను చూళ్ళేదు. మాకు సెంటు పొలం లేదు, ఉన్న ఇల్లు వానొస్తే కారే మట్టిమిద్దె. ఆ రోడ్డు మీద జనం ఆయనను నమ్మడం తప్ప మా నాయనకు వేరే ఆస్తి లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, అందుకే సంత రోజు కొంచెం నిటారుగా నడిచేవాడు.

ఆ రోజుల్లోనే హిందూపురంలో ఒక ఫైనాన్స్ కంపెనీ తెరిచారు. అద్దాల తలుపు, లోపల ఏసీ, టై కట్టుకున్న మేనేజరు. బ్యాంకు ఇచ్చేదానికి మూడింతల వడ్డీ అన్నారు. మా దిక్కు జనం మరీ అంత అమాయకులేం కాదు. ఎండలో వచ్చి, లోపల చల్లగా కాసేపు కూర్చొని, వివరాలన్నీ అడిగి, ఇంట్లో మాట్లాడి చెప్తామని లేచి వచ్చేవాళ్ళు. దుడ్లు తీసేవాళ్ళు తక్కువ.

ఒక సంత రోజు ఆ మేనేజరు కారు చెడిపోయి మా బస్సెక్కాడు. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు మూటలు తెచ్చి నాయన సంచిలో వేయడం చూసి నోరు తెరుచుకొని కూర్చున్నాడు. "రసీదు ఇవ్వడా?" అని పక్కనున్నామెను అడిగాడు.

"రసీదెందుకప్పా? ఆ యప్ప ఈడే ఉంటాడు గదా" అందామె.

వారం తిరక్కముందే ఆ మేనేజరు మా ఇంట్లో ఉన్నాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ, కంపెనీ తరఫున చిన్న సినిమా తీస్తున్నామని, అందులో నాయనే నటించాలని చెప్పాడు. ప్రతిఫలంగా గోడగడియారం, సఫారీ బట్టలు ఇస్తామన్నాడు. నాయన సిగ్గుతో సగమైపోయాడు. "నేను మీ కంపెనీలో ఏమీ ఏయలేదు గద సార్, ఏసినట్ల ఎట్ల చెప్పేది?" అన్నాడు. "యాక్టింగే కదండీ, సినిమాలో చచ్చిపోయినవాళ్ళు నిజంగా చచ్చిపోతారా?" అన్నాడు మేనేజరు. "ఈ మొగానికి సినిమానా!" అని అమ్మ నవ్వింది. ఒప్పుకొమ్మని వెంటపడింది నేనే. మా నాయన తెర మీద కనబడతాడంటే కాలేజీలో నా పరపతి ఎట్లుంటుందో ఊహించుకొని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పెనుకొండ కొండ కింద రోడ్డు మీద బస్సు ఆపి షూటింగ్ చేశారు. బెంగుళూరు నుంచి యూనిట్ వచ్చింది. డైరెక్టరుకు కన్నడం తప్ప రాదు, నాయనకు కన్నడం బాగా వచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. ఇబ్బందంతా తెలుగుతోనే వచ్చింది. "మీ కష్టార్జితానికి మా సంస్థే భరోసా" అని ఎవరో రాసిచ్చారు. నాయన చేతిలో నోట్ల కట్టలు పెట్టారు. పైన ఒక నోటు, కింద ఒక నోటు, మధ్యలో అన్నీ తెల్లకాగితాలు. ఆయన ఆ కట్టలను పసిబిడ్డను ఎత్తుకున్నట్లు పట్టుకొని "కష్టార్జితం" దగ్గర ప్రతిసారీ తడబడేవాడు. ఒకసారి "కష్టార్జితానికే మీ భరోసా" అన్నాడు. ఇంకోసారి కెమెరాకు నమస్కారం పెట్టాడు. ఫిల్ము వృథా అవుతోందని డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. నాయన చొక్కా తడిసి ముద్దయింది.

నాకు జాలేసింది. నోరు మూసుకొని ఉండాల్సింది. ఉండలేదు. దగ్గరికి పోయి, "నాయనా, ఆ కాగితం పక్కన పెట్టు. సంత రోజు బస్సులో అవ్వోళ్ళకు ఎట్ల చెప్తావో అట్ల చెప్పు" అన్నా. ఏం చెప్పాలో కూడా నేనే మాట కూర్చి చెవిలో చెప్పా.

ఆయన కెమెరా దిక్కు తిరిగాడు. అక్కడ ఎవరో ముసలామె కూర్చొని ఉన్నట్లే నవ్వి, "నేనూ ఈడే ఏసినానమ్మా. నా దగ్గర పెట్టినట్లే అనుకో. యాడికీ పోవు నీ దుడ్లు" అన్నాడు.

ఒక్క టేకులో అయిపోయింది. భాష రాని డైరెక్టరు కూడా చప్పట్లు కొట్టాడు. మేనేజరు వచ్చి నాయన చేతిలోని కట్టల్లోంచి పైనోటు, కిందినోటు జాగ్రత్తగా పీక్కొని జేబులో పెట్టుకున్నాడు. తెల్లకాగితాలు మాకే వదిలేశాడు. అమ్మ చాలాకాలం వాటి మీద అంగడి సరుకుల పట్టీ రాసింది.

మా ఊరి టాకీసులో మొదటిసారి వేసినరోజు వీధి వీధంతా మాట్నీకి పోయింది. గోడంత పెద్దగా నాయన ముఖం. గడ్డం కింద పుట్టుమచ్చ కూడా కనబడింది. నేలక్లాసు వాళ్ళు ఈలలు వేశారు. ఆయన మా పక్కన బెంచీ మీద తల వంచుకొని కూర్చున్నాడు, ఒక్కసారి మాత్రం కళ్ళెత్తి చూశాడు. ఆ తర్వాత ఆ కళ్ళు దించలేకపోయాడనుకుంటా. మాకు చెప్పకుండా ఇంకో రోజు ఒక్కడే పోయాడు. హిందూపురంలో ట్రిప్పుకు ట్రిప్పుకు మధ్య ఖాళీ దొరికితే అక్కడా పోయాడు. ధర్మవరంలోనూ పోయాడు. గేటు దగ్గరివాళ్ళు గుర్తుపట్టి టికెట్టు అడిగేవాళ్ళు కాదు. ఆ రెండు నిమిషాలు చూసి, అసలు సినిమా మొదలుకాకముందే బయటికి వచ్చేసేవాడు. "యాభై ఏండ్లకు సినిమా పిచ్చి పట్టింది ఈ యప్పకు" అని అమ్మ నవ్వేది. నాకూ నవ్వులాటగానే ఉండేది.

అద్దాల తలుపు వెనక ఇప్పుడు నిలబడేకి చోటు లేదు. మగ్గం నేసేవాళ్ళు, శనక్కాయ పంట అమ్ముకున్నవాళ్ళు, రిటైరైన మేస్టర్లు. కంపెనీవాళ్ళు వడ్డీ మాటే ఎత్తాల్సిన పని లేకపోయింది. "కండక్టరన్న ఏసినాడంట గదా" అంటూ వచ్చి సంతకాలు పెట్టేవాళ్ళు.

నాయనకు మాత్రం తిండి సహించడం మానేసింది. ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "మే, మనమూ ఏద్దాం" అన్నాడు అమ్మతో.

"నువ్వే గదా అవి తెల్లకాగితాలంటివి?"

"అవి షూటింగులోవి. కంపెనీలో నిజమైనవే ఉంటాయి."

"ఉండనీ. మనకెందుకు?"

"నేను ఏయకుండానే ఏసినట్ల చెప్తాండా మే. దినామూ మూడూర్లలో, ఆటకొక అబద్ధమాడ్తాండా. బస్సులో జనం మొగం జూసేకి అయితాండ్లేదు."

అమ్మ నా దిక్కు చూసింది. నేను "వేయనీ మా" అన్నాను. స్లాబు వేయడానికి పదేళ్ళుగా కూడబెట్టింది ఇంట్లో ఉంది, అదంతా తీసుకుపోయి కంపెనీలో వేశాడు. అందరూ వడ్డీ కోసం ఇచ్చారు. మా నాయన ఒక్కడే తాను తెర మీద అన్న మాట నిజం చేయడానికి ఇచ్చాడు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు. బంగారు అంచు ఉన్న బాండు కాగితాన్ని అమ్మ దేవుడి పటాల పక్కన పెట్టింది.

కొన్ని నెలలు వడ్డీ తప్పకుండా వచ్చింది. తర్వాత ఒక సోమవారం పొద్దున చూస్తే అద్దాల తలుపుకు తాళం. కుర్చీలు లేవు, ఏసీ లేదు, మేనేజరు లేడు. గోడ మీద ఆ సినిమా పోస్టరు మాత్రం మిగిలింది. దానిలో మా నాయన నవ్వుతున్నాడు. ఆడవాళ్ళు ఆ మెట్ల మీద కూర్చొని ఏడుస్తుంటే, ఆ నవ్వు ముఖం వాళ్ళ నెత్తిన వేలాడుతూ ఉండింది. నేను కాలేజీకి పోతూ చూశాను. పోస్టరు చించేద్దామని రెండడుగులు వేసి, ఎవరైనా గుర్తుపడతారని వెనక్కి తిరిగాను.

నాయనను ఎవరూ కొట్టలేదు. తిట్టలేదు కూడా. "నువ్వేం జేస్తావులేప్పా" అన్నారు. ఆ మంచితనమే ఆయనను కోసేసింది. మరుసటి రోజు నుంచి బస్సెక్కిన ప్రతివాళ్ళూ టికెట్టుకు సరిపోయే చిల్లర ఇంటి దగ్గరే చూసుకొని తెచ్చారు. ఎవరూ మాట్లాడుకొని చేసింది కాదు, అయినా అందరూ అదే చేశారు. టికెట్టు వెనక రాయడానికి ఆయన చెవి మీద పెన్సిలు ఉండేది, అది తీసే పనే లేకపోయింది. సంత రోజు ఆడవాళ్ళు దుడ్లు రొండిన దోపుకొని, పైన చెయ్యి పెట్టుకొని, కునుకు తీయకుండా కూర్చున్నారు. అవ్వకు సీటియ్యమని నాకు చెప్పడం కూడా మానేశాడాయన. నేనే లేచి ఇచ్చేదాన్ని. ఆ బస్సులో మాట్లాడే హక్కు తనకు లేదన్నట్లు ఉండేవాడు. దుడ్లు పోయినందుకు మా ఇంట్లో ఏడ్పులు రెండు రోజులే. ఇది మాత్రం ఆయనను లోపల్లోపలే తినేస్తూ వచ్చింది.

అన్నిటికన్నా ఘోరం, సినిమా ఆగలేదు. నాయన మా ఊరి టాకీసు ఓనరు దగ్గరికి పోయి దండం పెట్టాడు. ఆ ఓనరు చాలా నిజాయితీపరుడు. "కంపెనీవాళ్ళు నెలాఖరు దాకా కట్టినారప్పా. దుడ్లు తీసుకున్నాక వేయకుంటే మోసం గదా" అన్నాడు. ఆ కంపెనీ ఎగ్గొట్టకుండా ముందే కట్టేసిన బాకీ అదొక్కటే అయ్యుంటుంది.

జనం ఆ రెండు నిమిషాలను పండగ చేసుకున్నారు. దుడ్లు పోగొట్టుకున్నవాళ్ళే ముందుగా వచ్చి కూర్చునేవాళ్ళు. తెర మీద నాయన "యాడికీ పోవు నీ దుడ్లు" అనగానే హాలంతా ఒక్క గొంతుతో "పోయినాయి!" అని అరిచేది. తర్వాత ఈలలు, కేకలు, నవ్వులు. కొందరు ఆ అరుపు అరిచి, అసలు సినిమా చూడకుండానే ఇంటికి పోయేవాళ్ళని విన్నాం.

ఒక శనివారం నాయన యూనిఫారంలోనే ఇంటికొచ్చి, "పాపా, మాట్నీకి పోదాం పా" అన్నాడు. వద్దన్నాను. వినలేదు. ఇద్దరం పోయాం. బెంచీ క్లాసులో ఒక చివర నేను కూర్చున్నా. శనక్కాయల పొట్టు వాసన, బీడీల వాసన, పైన గిరగిర తిరిగే ఒక్క ఫ్యాను. ఆ హాలంటే నాకు ఎంత ఇష్టమో! ఆ రోజు మాత్రం నేల చీలితే బాగుండుననిపించింది. దీపాలు ఆరిపోయాయి. తెర మీద నాయన నోరు తెరిచాడు. "యాడికీ పోవు నీ దుడ్లు." హాలు "పోయినాయి!" అంది.

నాయన లేచి, నడిచి, తెర ముందున్న గట్టెక్కాడు. తెర మీది నవ్వు ఆయన ఖాకీ చొక్కా మీద పడి కదులుతోంది. "ఒక మాట చెప్పేకి వచ్చినానప్పా" అన్నాడు. జనం అది కూడా సినిమాలో భాగమనుకున్నారేమో, "వన్స్ మోర్!" అని ఈలలు వేశారు. ఆపరేటరు కంగారుపడి రీలు ఆపేసి దీపాలు వేశాడు.

"ఆ పొద్దు నేను ఒక్క పైసా ఏయలేదు. నా చేతిలో ఉండేవి తెల్లకాగితాలు. గడియారానికీ, సఫారీ బట్టలకూ నేను ఏసినానని చెప్పినా. అది అబద్ధం. నా మాట నమ్మి ఏసినోళ్ళంతా ఇప్పుడు ఏమన్నా అనండి. అనకుండా బస్సెక్కుతాండారు, నాతో అయితాండ్లేదు."

ఈలలు ఆగిపోయాయి. నాకు రెండు బెంచీల ముందు ఒక అవ్వ లేచింది. రామగిరి క్రాస్‌లో బస్సెక్కే ముసలామె. గొర్రెలు అమ్మిన దుడ్లన్నీ ఆ కంపెనీలో వేసిందని నాకు తెలుసు. పోయిన దుడ్ల గురించి అర్జీ ఇవ్వడానికి పెనుకొండ రెవెన్యూ ఆఫీసుకు వచ్చింది. సారు భోజనానికి పోయినాడు, మూడు గంటలకు రమ్మన్నారంట. ఈలోపల కండక్టరు బొమ్మ వేస్తున్నారని ఎవరో చెబితే వచ్చి కూర్చుంది. అర్జీ కాగితం చేతిలోనే ఉంది.

"ఏమబ్బా, ఆ పొద్దు ఏయలేదు సరే. తరువాతన్నా ఏసినావా?" అని అడిగింది.

"ఏసినానవ్వా. ఇంట్లో ఉండేదంతా."

"కాగితాలని తెలిసి తెలిసి ఎట్లేసినావు?"

నాయన వెనక్కి తిరిగి ఖాళీ తెర చూపించాడు. "ఈడ నవ్వుతా ఉండె గదా, ఆ యప్పను జూసి ఏసినా."

అవ్వ ఆ తెర దిక్కు చూసింది. "నేనూ ఆ యప్పనే జూసి ఏసినా" అంది.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అవ్వ కూర్చోలేదు. అర్జీ కాగితం మడతపెడుతూ, "నా దగ్గర పెట్టినట్లే అనుకో అంటివే. వడ్డీ గిడ్డీ నాకు తెల్దు, ఆ మాటకే పడిపోతి. అదన్నా నీ మాటేనా, అదీ ఎవురన్నా నేర్పించిరా?" అంది.

ఆ మాట ఆయన చెవిలో చెప్పింది నేనే. నాయన కళ్ళు అన్ని తలల మీదుగా వచ్చి నన్ను పట్టుకున్నాయి. లేచి నిలబడాల్సిన క్షణం అదేనని నాకు తెలుసు. నేను లేవలేదు. హాల్లో అందరి ముందూ అబద్ధాలన్నీ కక్కేసుకోవడానికి వచ్చిన మనిషి, నన్ను చూసి, తల తిప్పుకొని, "నా మాటేనవ్వా. ఎవురూ నేర్పలేదు" అన్నాడు.

"సర్లే, దిగి కూచో. బొమ్మేస్తారు" అంది అవ్వ. నాయన గట్టు దిగి పోయి ఆమె పక్కన కూర్చున్నాడు.